ఫోన్ పౌచ్‌ల మీద ఫొటో ప్రింటింగ్: ఏ మిషన్ ఏ దుకాణానికి కుదురుతుంది

హన్మకొండ చౌరస్తాలో మొబైల్ దుకాణం ఉన్నవాళ్లయినా, జగిత్యాలలో ఫొటో స్టూడియో నడుపుతూ పక్కన ఇంకో ఆదాయం చూసుకునేవాళ్లయినా, పౌచ్‌ల మీద ఫొటో వేసే పనిలోకి దిగేముందు అడిగే మొదటి మాట “ఏ మిషన్ కొనాలి?” దానికి జవాబు మిషన్ల కేటలాగులో దొరకదు. మీ కౌంటర్ దగ్గరికొచ్చే గిరాకీ చేతుల్లో ఎన్ని రకాల ఫోన్లున్నాయో చూస్తే దొరుకుతుంది.

మగ్గుకు ఒకటే సైజు. టీషర్టుకు అయిదారు. పౌచ్ దగ్గరికొస్తే వివో, ఒప్పో, రియల్‌మీ, రెడ్‌మీ, శాంసంగ్ కలిపి జనం వాడే మోడళ్లకు అంతే లేదు. పైగా కొత్త మోడల్ వచ్చిందంటే కెమెరా చోటు జరుగుతుంది, పాత పౌచ్ దానికి పట్టదు. మిషన్ ఒకసారి కొంటాం. ఖాళీ పౌచ్‌లు మాత్రం కొంటూనే ఉండాలి. వాటిలో కొన్ని అమ్ముడుపోకముందే ఆ ఫోనే వాడకంలోంచి పోతుంది. పెట్టుబడి ఇరుక్కునేది అక్కడే. అందుకే ముందు ఒక వారం పాటు కౌంటర్ మీద నోట్‌బుక్ పెట్టి, టెంపర్డ్ గ్లాస్‌కో చార్జర్‌కో వచ్చిన ప్రతి ఒక్కరి మోడల్ రాసిపెట్టండి. పది పన్నెండు మోడళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నాయంటే ఒక దారి. ప్రతి వరుసలో కొత్త పేరే కనిపిస్తే ఇంకో దారి.

దారులు నాలుగు. మామూలు హీట్ ప్రెస్‌తో అల్యూమినియం రేకు మీద బొమ్మ దించి పౌచ్‌కు అంటించడం ఒకటి, దీన్ని బజార్లో టూడీ అంటారు. పౌచ్ మొత్తానికి, అంచులతో సహా వాక్యూమ్ మిషన్‌లో బొమ్మ దించేది త్రీడీ. మిషనే లేకుండా యూవీ డీటీఎఫ్ స్టిక్కర్ తెప్పించి అంటించడం మూడోది. యూవీ ఫ్లాట్‌బెడ్ ప్రింటర్‌తో నేరుగా పౌచ్ మీదే ప్రింట్ కొట్టడం నాలుగోది. మొదటి రెంటికీ వేడి కావాలి. చివరి రెంటిలో ఇంకు యూవీ (అతినీలలోహిత) కాంతికి గట్టిపడుతుంది, వేడి అక్కర్లేదు.

వేడితో చేసే పని అసలు సంగతి

టూడీ అయినా త్రీడీ అయినా లోపల జరిగేది సబ్లిమేషనే. ముందు పేపర్ మీద ప్రింట్ కొడతాం. 180 నుంచి 200 డిగ్రీల మధ్య ఆ ఇంకు ద్రవంగా మారకుండానే ఆవిరై, ఎదురుగా ఉన్న పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి) పూతలోకి దిగి, చల్లారగానే అక్కడే నిలిచిపోతుంది. దీంతో రెండు షరతులు పడతాయి. వస్తువుకు ఆ పూత ఉండాలి, అడుగు రంగు తెల్లగా ఉండాలి. సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు లేదు. బతుకమ్మ ఫొటోలో తంగేడు పసుపు ఇంకు నుంచి వస్తుంది, గునుగు తెలుపు మాత్రం రేకు మీది తెల్ల పూతే. నల్ల పౌచ్ మీద, బజార్లో దొరికే ట్రాన్స్‌పరెంట్ పౌచ్ మీద ఈ పద్ధతి పనిచేయదు. “నా పౌచ్ ఇదే, దీనిమీదే వేసివ్వు అన్నా” అని వచ్చినవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే.

ప్రింటర్‌కు ఎప్సన్ ఇంక్ ట్యాంక్ వాడతారు. ఎల్3210, ఎల్3250 నాలుగు రంగులవి, ఎల్8050 ఆరు రంగులది. పౌచ్ పనికి నాలుగు రంగులు సరిపోతాయి. ముఖాల ఫొటోలు ఎక్కువగా వచ్చే స్టూడియో అయితే ఆరు రంగుల దానిలో చర్మం ఛాయ నున్నగా వస్తుంది. ఎప్సనే ఎందుకంటే దాని హెడ్ (ఇంకు చిమ్మే భాగం) ఇంకును వేడి చేయదు, ఒత్తిడితో చిమ్ముతుంది. కెనాన్, హెచ్‌పీ ఇంక్ ట్యాంకుల్లో హెడ్డే వేడెక్కి చిమ్ముతుంది కాబట్టి వేడికి ఆవిరయ్యే ఇంకు వాటికి పడదు. కొత్త ప్రింటర్‌లో మొదటి రోజే సబ్లిమేషన్ ఇంకు పోయండి. కంపెనీ ఇంకు పోసి తర్వాత మార్చాలంటే ట్యూబులన్నీ కడగాలి. బయటి ఇంకు పోశాక వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ ప్రింటర్‌ను ఇక ఆధార్ ప్రింట్లకూ, జిరాక్స్‌కూ వాడే పని కూడా లేదు. రెండ్రోజులకోసారి నాలుగు రంగుల పట్టీ ఒకటి కొట్టకపోతే నాజిల్స్ (హెడ్‌లోని సన్నని రంధ్రాలు) ఎండిపోతాయి, ఎండాకాలం ఇంకా త్వరగా.

ఇంకు సీసాతో పాటు దాని ఐసీసీ ప్రొఫైల్ (రంగులు సరిగ్గా వచ్చేలా కంప్యూటర్‌లో వేసుకునే ఫైల్) ఇవ్వని సప్లయర్ దగ్గర కొనకండి. తేడా తెలియాలంటే కాకతీయ కళాతోరణం ఫొటో ఒకటి వేసి చూడండి. ఎరుపు, పసుపు బొమ్మల్లో కొంచెం తేడా ఉన్నా కన్ను క్షమిస్తుంది. రాతి బూడిదరంగు దగ్గర తప్పించుకోలేరు. ప్రొఫైల్ లేకుంటే ఆ రాయి పచ్చగానో గులాబీగానో తిరుగుతుంది. చేర్యాల బొమ్మల ఎర్ర నేపథ్యానికి ఇంకో చిక్కుంది. స్క్రీన్ మీద మెరిసే ఎరుపు అంతా ఇంకులో రాదు. గిరాకీకి మొబైల్లో బొమ్మ చూపించి ఒప్పుకునే ముందు, కొట్టిన రేకు ముక్క ఒకటి చేతికివ్వడం మేలు.

టూడీ: రేకు పద్ధతి

దీనికి కావాల్సింది 38×38 సెంటీమీటర్ల మామూలు ఫ్లాట్ హీట్ ప్రెస్, 100 జీఎస్‌ఎం పైబడిన సబ్లిమేషన్ పేపర్, హీట్ టేపు, బటర్ పేపర్, గ్లవ్స్. ఖాళీ పౌచ్‌తో పాటు దాని వీపు కొలతకు కోసిన పల్చని అల్యూమినియం రేకు వస్తుంది. పౌచ్ అంచులు రబ్బరువో ప్లాస్టిక్‌వో అలాగే ఉంటాయి, బొమ్మ రేకు మీదే.

డిజైన్‌ను 300 డీపీఐలో, రేకు కొలత కంటే చుట్టూ 3 మిల్లీమీటర్లు పెద్దగా పెట్టండి. సరిగ్గా రేకంత పెడితే పేపర్ వెంట్రుకవాసి జరిగినా ఒక పక్క తెల్లగీత కనిపిస్తుంది. కెమెరా రంధ్రం కోసం పేపర్ కత్తిరించక్కర్లేదు, అక్కడ రేకే ఉండదు. ప్రింట్ మిర్రర్‌లో, అంటే అద్దంలో కనిపించినట్టు తిరగేసి కొట్టాలి. బొమ్మల్లో ఇది మరిచినా ఎవరూ పట్టుకోకపోవచ్చు, పేరు రాసిన పౌచ్‌లో మాత్రం మొత్తం దండగ. పేపర్ మీద రంగులు వెలిసిపోయినట్టు, నలుపు నీలంలా కనిపిస్తే భయపడి ఇంకు పెంచకండి. వేడి తగిలాకే అసలు రంగు తేలుతుంది.

రేకు మీద పల్చని ప్లాస్టిక్ పొర ఉందేమో గోటితో మూల దగ్గర గీకి చూడండి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. పొర తీయకుండా కొడితే బొమ్మ దానిమీదికి దిగి, పొర కరిగి రేకుకు అతుక్కుంటుంది. పొర తీశాక దారప్పోగు రాలని గుడ్డతో తుడవండి. ఒక్క నూలుపోగు ఉన్నా అక్కడ నీలి చుక్క పడుతుంది. ప్రింటు ముఖం రేకు మెరిసే వైపుకు ఆనించి, రెండు చోట్ల హీట్ టేపు వేసి బిగించాలి.

ప్రెస్ మీద అడుగున బటర్ పేపర్, దానిమీద రేకు, పైన ప్రింట్ పేపర్, ఆపైన ఇంకో బటర్ పేపర్. 190 నుంచి 200 డిగ్రీలు, 50 నుంచి 60 సెకన్లు, మధ్యరకం ప్రెషర్. రేకు ఇచ్చినవాళ్లు వేరే అంకె చెబితే దాంతోనే మొదలుపెట్టండి, పూతలు అందరివీ ఒకటి కావు. టైం అవగానే గ్లవ్స్‌తో తీసి, వేడిమీదే పేపర్‌ను ఒక్క లాగులో లాగేయాలి. మెల్లగా, ఆగి ఆగి తీస్తే పేపర్ జరిగి బొమ్మ పక్కన నీడలా రెండో బొమ్మ పడుతుంది. రేకు చల్లారేదాకా చదునైన బరువు కింద పెట్టండి. గాలికి వదిలేస్తే వంగుతుంది, వంగిన రేకు పౌచ్‌లో అంచుల దగ్గర లేస్తుంది. అంటించేటప్పుడు కెమెరా వైపు నుంచి మొదలుపెట్టి కిందికి నొక్కుతూ రావాలి. రెండు చివరలూ ఒకేసారి దింపితే నడుమ గాలి ఉండిపోతుంది.

ఒక మూల ఎప్పుడూ వెలిసిపోయి వస్తుంటే తప్పు ఇంకుది కాదు. ప్రెస్ చల్లగా ఉన్నప్పుడు నాలుగు మూలలా పేపర్ చీటీలు పెట్టి మూసి, ఒక్కోటి లాగి చూడండి. ఒకటి సులువుగా జారిందంటే ఆ మూలలో ప్రెషర్ లేదు. నాలుగూ గట్టిగానే ఉంటే వేడి తేడా. ప్లేట్ నడుమ కంటే అంచులు చల్లగా ఉండటం చౌక ప్రెస్‌ల గుణం, కాబట్టి రేకులను నడుమకు జరిపి పెట్టాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచేటప్పుడు మెరిసే లోహం మీద పాయింట్ పెడితే తప్పు అంకె చూపుతుంది. ప్లేట్ మీద టెఫ్లాన్ షీట్ పరిచి దానిమీద కొలవండి. నలుపు గోధుమ రంగుకు తిరిగితే టైం పది సెకన్లు తగ్గించి చూడండి. బొమ్మ మొత్తం పాలిపోయి ఉంటే వేడో టైమో చాలలేదు.

వానాకాలంలో వచ్చే జబ్బు వేరు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా పేపర్ తేమ పీలుస్తుంది, అది ప్రెస్‌లో ఆవిరై రంగు మచ్చలు మచ్చలుగా పాకుతుంది. పేపర్ ప్యాకెట్‌ను జిప్ కవర్లో ఉంచి, ప్రింట్ కొట్టాక రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి వాడితే చాలావరకు పోతుంది.

టూడీకి ఒక పెద్ద లోటుంది. వీపున లోహం రేకు ఉంటుంది కాబట్టి వైర్‌లెస్ చార్జింగ్ పనిచేయదు, ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్ దగ్గర పెట్టి డబ్బులు కట్టే సౌకర్యం లాంటిది) కూడా అందదు. చార్జింగ్ ప్యాడ్ మీద పెడితే రేకు వేడెక్కుతుంది. ఐఫోన్, శాంసంగ్ ఎస్ సిరీస్ వాళ్లకు ఈ పౌచ్ అమ్మకపోవడమే మంచిది. పది పదిహేను వేల ఫోన్ వాడేవాళ్లకు ఈ బెంగ లేదు.

త్రీడీ: వాక్యూమ్ పద్ధతి

బొమ్మ అంచులు దాటి పక్కలకు కూడా పాకుతుంది కాబట్టి చూడ్డానికి త్రీడీదే అందం. పౌచ్ పూత వేసిన పాలీకార్బనేట్, గట్టి ప్లాస్టిక్. ఇబ్బంది కూడా అందులోనే ఉంది. పాలీకార్బనేట్ దాదాపు 147 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, మన ఇంకుకు 180 కావాలి. అంటే బొమ్మ దిగే టైంకు పౌచ్ మెత్తబడి ఉంటుంది. అందుకే ప్రతి మోడల్‌కూ సరిగ్గా ఆ ఫోన్ ఆకారంలో ఉన్న లోహపు మోల్డ్ లోపల ఉండాల్సిందే. మోల్డ్ లేని మోడల్ పౌచ్‌ను “ఈ ఒక్కసారికి” అని దగ్గరి సైజు మోల్డ్ మీద కొడితే, బయటికొచ్చేది ఏ ఫోన్‌కూ పట్టదు. మెత్తని టీపీయూ పౌచ్‌లు ఈ వేడికి అసలే ఆగవు.

మోల్డ్‌ను ముందు వేడి చేసుకోవాలి. చల్లని లోహం వేడిని మింగేసి టైమర్ లెక్కను తప్పిస్తుంది. పౌచ్‌ను దానికి తొడిగి, ప్రింటును చుట్టి టేపు వేసి, మిషన్‌లో పెట్టి సిలికాన్ షీట్ దింపి వాక్యూమ్ ఆన్ చేయాలి. గేజ్ మైనస్ 0.08 మెగాపాస్కల్ దాకా పోయి అక్కడే నిలబడాలి. ముల్లు వెనక్కి వస్తుందంటే సిలికాన్ షీట్‌కు ఎక్కడో చిల్లు ఉన్నట్టే, బొమ్మ మూలల్లో పాలిపోతుంది. ఎన్ని పెట్టారన్నదాన్ని బట్టి 6 నుంచి 10 నిమిషాలు. దించాక పేపర్ వేడిమీదే తీయండి, పౌచ్‌ను మాత్రం మోల్డ్ మీదే చల్లారనివ్వండి. ఆత్రపడి వేడిమీద లాగితే వంకరపోయి బటన్ల రంధ్రాలు కలవవు. ఫ్యాను కింద పెట్టొచ్చు.

పేపర్‌కు మూలల్లో మడతలు పడతాయి, మడత ఉన్నచోట తెల్లగీత. వేడికి సాగే సబ్లిమేషన్ ఫిల్మ్ వాడితే ఆ బాధ తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. మూలలు తెల్లగా వదిలేసే డిజైన్లు ఎంచుకోవడం చాలామంది పాటించే ఉపాయం. ముఖ్యమైన ముఖమో పేరో అంచు నుంచి కనీసం 8 మిల్లీమీటర్లు లోపలికి ఉంచడం ఇంకోటి.

యూవీ డీటీఎఫ్, యూవీ ఫ్లాట్‌బెడ్

యూవీ డీటీఎఫ్ అంటే తెల్ల ఇంకు, రంగులు, వార్నిష్ వరుసగా పడి, వెనక జిగురుతో ఫిల్మ్ మీద సిద్ధమై వచ్చే స్టిక్కర్. పౌచ్‌ను స్పిరిట్‌తో తుడిచి, అడుగు పొర తీసి అంటించి, గట్టిగా రుద్ది పై ఫిల్మ్ లాగేయడమే. వేడి లేదు, మిషన్ లేదు, మోడల్ గొడవ లేదు. గిరాకీ చేతిలోని పౌచ్ మీదే వేయొచ్చు, అది నలుపైనా ట్రాన్స్‌పరెంటైనా సరే. ప్రింట్ బయట చేయించుకుంటే ఒక షీట్‌లో చిన్నా పెద్దా బొమ్మలన్నీ ఇరికించి తెప్పించుకోవచ్చు. వీపు చదునుగా ఉన్నచోటే అంటుతుంది. వంపు మీదికి లాగితే రెండ్రోజుల్లో అంచు లేస్తుంది. మెత్తని సిలికాన్ పౌచ్ మీద అసలు పట్టదు. టీషర్టులకు వాడే మామూలు డీటీఎఫ్ వేరు, పేరు చూసి అది తెప్పించుకోకండి. దానికి ప్రెస్ వేడి కావాలి, పౌచ్ ఆ వేడికి నిలవదు.

ఫ్లాట్‌బెడ్ ధర లక్షల్లో మాట. రోజుకు పాతిక ముప్పై పౌచ్‌లు వచ్చే చోట, లేదా పెన్నులు, కీచైన్లు, షీల్డుల ఆర్డర్లూ పట్టగలిగినవాళ్లకే గిట్టుబాటు. తెల్ల ఇంకు అడుగున పేరుకుంటుంది కాబట్టి రోజూ కదిలించాలి, హెడ్ శుభ్రం చేయాలి. మూసిపెట్టి ఊరెళితే తిరిగొచ్చాక హెడ్ ఖర్చు మీద పడుతుంది. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే ఆ పౌచ్ పోయినట్టే, కాబట్టి యూపీఎస్ తప్పదు. మెత్తని పౌచ్‌కు సాగే ఇంకు, ప్రైమర్ (ఇంకు పట్టేలా ముందు పూసేది) లేకపోతే వంచగానే బొమ్మ పగుళ్లు తేలుతుంది.

లెక్క వేసి చూస్తే

నలభై మోడళ్లు, ఒక్కోటి అయిదు పౌచ్‌లు పెట్టుకుంటారనుకోండి. టూడీ ఖాళీ పౌచ్ 60 రూపాయలు పడితే 200 పౌచ్‌లకు 12,000. త్రీడీలో పౌచ్ 70 అనుకుంటే 14,000, మోల్డ్ ఒక్కోటి 500 వేసుకుంటే నలభైకి ఇంకో 20,000. ఫోన్ పాతబడితే పౌచ్‌లతో పాటు మోల్డ్ కూడా ఇనుపసామాన్ల బండికే. ధరలు మీ సప్లయర్ చెప్పినవి వేసి మళ్లీ లెక్కించండి, తేడా దాదాపు ఇలాగే ఉంటుంది. యూవీ డీటీఎఫ్‌లో మోడల్‌కో పౌచ్, మోల్డ్ అనే ఈ ఖర్చు సున్నా. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ నుంచి నాలుగు రకాల ట్రాన్స్‌పరెంట్ పౌచ్‌లు ఆర్టీసీ కార్గోలో తెప్పించుకున్నా, అవి ఎటూ మామూలుగా అమ్ముడుపోయే మాలే.

కరెంటు లెక్క చిన్నదే, వైరింగ్ లెక్క పెద్దది. మిషన్ వెనక రాసిన వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 1,800 వాట్ల ప్రెస్ దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్లో పెడితే ప్లగ్గు మాడుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ వేయించండి. ఇన్వర్టర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లోనే నడిపితే ఎన్‌పీడీసీఎల్ మీటర్‌ను కమర్షియల్ కేటగిరీకి మార్పించుకోవాలి.

కాలేజీ ఆర్డర్ల సంగతి వేరేగా చూడాలి. ఎన్ఐటీలోనో కాకతీయ యూనివర్సిటీలోనో ఒక క్లాసు అరవై మందికి ఒకే డిజైన్ అడిగారంటే ప్రెస్‌కు పండగే అనిపిస్తుంది. అరవై మందివి నలభై మోడళ్లు ఉంటే ఖాళీ పౌచ్‌లు సమకూర్చేసరికే తేదీ దాటిపోతుంది. ఇలాంటివాటికి యూవీ డీటీఎఫ్ షీటే మేలు, ఒకే బొమ్మను మూడు సైజుల్లో కొట్టిస్తే అందరికీ సరిపోతుంది. కాలేజీ ముద్ర వేయాలంటే వాళ్ల అనుమతి చీటీ తీసుకోండి. సినిమా హీరోల, క్రికెట్ జట్ల బొమ్మలకు హక్కుదారులుంటారు, షోకేసులో వరుసగా పెట్టి అమ్మడం ప్రమాదమే.

మొత్తం మీద, స్టూడియో ఉండి, ప్రింటర్ ఎటూ కొనేవాళ్లకు టూడీయే సరి. పౌచ్‌లు ఆడకపోయినా అదే ప్రెస్ టీషర్టులకు, మౌస్ ప్యాడ్లకు, కీచైన్లకు పనికొస్తుంది. నోట్‌బుక్‌లో మోడళ్లు చెదిరి ఉన్న మొబైల్ దుకాణం, భూపాలపల్లి, ములుగు లాంటి చిన్న ఊళ్ల దుకాణం యూవీ డీటీఎఫ్‌తో మొదలుపెట్టడం మంచిది. మేడారం జాతర ముందు వచ్చే గిరాకీకి కూడా అదే, జాతర అయ్యాక పౌచ్‌లు మిగిలిపోవు. త్రీడీ ఒక్కటే పెట్టుకుని దుకాణం తెరవమని మాత్రం ఎవరికీ చెప్పం. టూడీ బాగా నడిచి, ఏ పన్నెండు మోడళ్లు ఆడుతున్నాయో చేతిలో లెక్క ఉన్నప్పుడు, ఆ పన్నెండింటికే మోల్డులు కొనండి.

ఏ దారి పట్టినా ఆర్డర్ చీటీ మీద మోడల్ పేరు గిరాకీ నోటిమాట విని రాయకండి. “రెడ్‌మీ నోట్ 13” అంటారు, తీరా చూస్తే ప్రో, కాదంటే ప్రో ప్లస్. మూడింటికీ పౌచ్‌లు వేరు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకుని, ఫోన్ వెనక కెమెరాలను ఖాళీ పౌచ్ రంధ్రంతో కలిపి చూశాకే డబ్బులు తీసుకోండి.